నకిలీ పీర్లను పీసుల లెక్కతో పట్టుకోండి: టోరెంట్ క్లయింట్ డెవలపర్లకు బహిరంగ లేఖ

టోరెంట్ క్లయింట్లు రాసి నిర్వహిస్తున్న డెవలపర్లకు, పీర్ బ్లాక్‌లిస్టులు నడుపుతున్న స్వచ్ఛంద కార్యకర్తలకు నమస్కారాలు. ఈ రంగం కొత్తవారి కోసం ఒక మాట: టోరెంట్ అంటే ఫైలును పీసులుగా, అంటే ముక్కలుగా, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా పంచుకునే పద్ధతి; అందుకు వాడే ప్రోగ్రామ్ క్లయింట్, పంచుకునే ప్రతి కంప్యూటరూ ఒక పీర్, ఫైలు మొత్తం తన దగ్గర ఉంచుకుని ఇతరులకు ఇచ్చేవాడు సీడర్, ఆపవలసిన పీర్ల అడ్రస్‌ల జాబితా బ్లాక్‌లిస్టు.

డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేసుకునే ఇమేజ్ ఫైళ్లు, లిబ్రేఆఫీస్, ఆఫ్‌లైన్‌లో చదువుకునేందుకు కివిక్స్ తయారుచేసే వికీపీడియా ఫైళ్లు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరిన పాత తెలుగు పుస్తకాలు, ఇలా స్వేచ్ఛగా పంచుకోదగ్గ వాటిని ఇంటి ఫైబర్ కనెక్షన్ మీద రాత్రింబవళ్లు సీడ్ చేసేవాళ్లు తెలుగు నాట కొద్దిమందే అయినా ఉన్నారు. వారిలో ఒకడిగా ఈ లేఖ రాస్తున్నాను. తీసుకున్నది తిరిగి ఇవ్వని పీర్ల విషయంలో, అంతకంటే ముఖ్యంగా తీసుకుని కూడా తీసుకోలేదని చెప్పే నకిలీ పీర్ల విషయంలో మీరు ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకు అర్థమైనంతలో మీ ముందు పెడుతున్నాను. మీ ప్రాజెక్టుల్లో తెలుగు తెలిసినవారు కొందరైనా ఉంటారు. వారు ఈ మాటలను మిగతావారికి చేరవేయాలని నా విన్నపం.

సీడర్‌కు కళ్లెదుట కనిపించేది ముందు చెబుతాను. దాదాపు నాలుగు జీబీ ఉన్న డెబియన్ డీవీడీ ఇమేజ్‌కు సంబంధించిన పీర్ల పట్టిక తెరిస్తే అందులో ఒక వరుస ఇలా ఉంటుంది: ప్రోగ్రెస్ గడిలో 0.0 శాతం, దాని పక్కన నిలకడగా సెకనుకు ఒక మెగాబైటుకు పైగా అప్‌లోడ్ వేగం, చివరి గడిలో ఇప్పటిదాకా అప్‌లోడ్ అయిన మొత్తం 11 జీబీ. అంటే ఒక్క నా దగ్గర నుంచే ఫైలు మొత్తాన్ని రెండుసార్లకు మించి తీసుకున్న ఆ పీర్, తన దగ్గర ఒక్క పీసు కూడా లేదని ఇంకా ప్రకటిస్తూనే ఉంది. దాన్ని తెంచేస్తే కాసేపటికి అదే నెట్‌వర్క్‌లోని పక్క అడ్రస్ నుంచి, కొత్త పీర్ ఐడీతో (పీర్ తన గుర్తుగా పంపే కోడ్‌తో), మరో క్లయింట్ పేరుతో వచ్చి మళ్లీ సున్నా దగ్గర మొదలుపెడుతుంది. పెళ్లి బంతిలో కూర్చుని, వడ్డించినదంతా వెనక్కి విసిరేసి, విస్తరి ఖాళీగా ఉందని మళ్లీ మళ్లీ పిలిచే మనిషి పని ఇది. తినడానికి కాదు వచ్చింది, వడ్డించేవాళ్ల చేతులు ఖాళీ చేయించడానికి.

ఇందులో నష్టం ఎంతో లెక్క వేసి చూడవచ్చు. మన దగ్గర అన్‌లిమిటెడ్ అని అమ్మే ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3.3 టీబీ పరిమితి ఉంటుంది, అందులో అప్‌లోడ్ కూడా కలిసే ఉంటుంది. ఒక్క నకిలీ పీర్ సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో ఆగకుండా లాగితే రోజుకు 108 జీబీ, 30 రోజులకు 3,240 జీబీ అవుతుంది. ఒక ఇంటివాళ్లు నెల మొత్తానికి డబ్బు కట్టి కొనుక్కున్న డేటా అంతా, ఎవరి డిస్కులోనూ నిలవని బైట్ల కింద పోతుందన్న మాట. అలా పోయిన నెలలో ఆ సీడర్ క్లయింట్‌ను ఆపేస్తాడు, ఆపేసిన తర్వాత చాలామంది మళ్లీ మొదలుపెట్టరు. కొత్త డెబియన్ విడుదలకు సీడర్లు ఎప్పుడూ దొరుకుతారు కానీ, ఇద్దరో ముగ్గురో సీడర్ల మీద ఆధారపడిన పాత ఫైళ్లకు ఇది ప్రాణాంతకం.

సమస్య కొత్తది కాదు. 2000లో జెరాక్స్ పార్క్ పరిశోధకులు ఏటన్ ఆడార్, బెర్నార్డో హూబర్మన్ ఫైళ్లు పంచుకునే గ్నుటెల్లా నెట్‌వర్క్‌ను పరిశీలించి, దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచుకోవడం లేదని, వచ్చే సమాధానాల్లో దాదాపు సగం పైన ఉన్న ఒక్క శాతం కంప్యూటర్ల నుంచే వస్తున్నాయని తేల్చారు. అలాంటిదే మరో నెట్‌వర్క్ అయిన కజా రూపకర్తలు దీనికి విరుగుడుగా ఒక్కో వాడుకరికి పార్టిసిపేషన్ లెవెల్ అనే మార్కు ఇచ్చారు. అయితే ఆ మార్కును వాడుకరి కంప్యూటర్‌లోని ప్రోగ్రామే లెక్కగట్టి చెప్పేది కనుక, కజా లైట్ అనే సవరించిన క్లయింట్ ఎప్పుడూ గరిష్ఠ మార్కు 1000 చూపిస్తూ ఆ ఏర్పాటునే నీరుగార్చింది. పీర్ తన గురించి తాను చెప్పుకునే అంకెను కొలమానంగా తీసుకుంటే ఏమవుతుందో అప్పుడే తేలిపోయింది.

బ్రామ్ కోహెన్ 2001లో రూపొందించిన, టోరెంట్లకు ఆధారమైన బిట్‌టోరెంట్ పద్ధతి బలం అంతా ఇక్కడే ఉంది. క్లయింట్ పది సెకన్లకోసారి తనకు ఎవరి నుంచి ఎంత వేగంగా డేటా వస్తోందో తానే కొలుచుకుని, బాగా ఇస్తున్న కొద్దిమందికే తిరిగి ఇస్తుంది. ముప్పై సెకన్లకోసారి ఒక పీర్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఇవ్వడానికి ఇంకా ఏమీ లేని కొత్తవాళ్లకు కూడా అవకాశం కల్పిస్తుంది. ఇక్కడ ఎవరి మాటా నమ్మనక్కర్లేదు, కొలిచినదే లెక్క. కానీ ఈ ఏర్పాటు డౌన్‌లోడ్ జరుగుతున్నంత వరకే పనిచేస్తుంది. ఫైలు పూర్తయి సీడర్‌గా మారిన క్షణం నుంచి నాకు ఎవరి నుంచీ ఏమీ అక్కర్లేదు, కాబట్టి ఎవరు ఇస్తున్నారో ఎవరు ఇవ్వడం లేదో కొలిచే సాధనం నా చేతిలో ఉండదు. 2006లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు బిట్‌థీఫ్ అనే క్లయింట్ రాసి, ఒక్క బైటు కూడా అప్‌లోడ్ చేయకుండా ఫైళ్లు పూర్తి చేసుకోవచ్చని చూపించారు. వారు వాడుకున్న దారుల్లో సీడర్ల ఉదారత ఒకటి. ఆ దారి నేటికీ తెరిచే ఉంది.

ఇటీవలి కాలంలో అది మరింత వెడల్పయింది. చైనాలో పీసీడీఎన్ అనే వ్యాపారం ఉంది. కంపెనీలు ఇళ్లలో చిన్న పెట్టెలు పెట్టించి, ఆ ఇళ్ల అప్‌లోడ్ సామర్థ్యంతో వీడియోలు పంపిణీ చేస్తాయి, దానికి ఇంటివారికి కొంత డబ్బు ముట్టజెబుతాయి. ఇంటి కనెక్షన్‌లో డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ విపరీతంగా ఎక్కువ ఉండడాన్ని గమనించిన టెలికాం సంస్థలు అలాంటి కనెక్షన్ల మీద చర్యలు మొదలుపెట్టాయి. దాంతో నిష్పత్తి సరిచేసుకోవడానికి కొందరు టోరెంట్ సీడర్ల నుంచి డేటా లాగి పారేయడం మొదలుపెట్టారని అక్కడి సీడర్లే గుర్తించి వెల్లడించారు. వీళ్లకు ఫైలు ఏదైనా ఒకటే. ఇలాంటి పీర్‌కు సిగ్గు కలిగించే, బహుమతి ఇచ్చే, వాటా అడిగే పాత పద్ధతులేవీ పనిచేయవు, ఎందుకంటే దానికి కావలసింది ఫైలు కాదు. దీనికి మొదటగా గట్టిగా ఎదురు నిలిచినవారు కూడా చైనా స్వచ్ఛంద డెవలపర్లేనని, నకిలీ పీర్లను ఆపే పీర్‌బ్యాన్‌హెల్పర్ అనే సాధనం అక్కడి నుంచే వచ్చిందని ఈ సందర్భంగా గుర్తు చేయడం న్యాయం. దేశం మొత్తాన్ని బ్లాక్ చేయమని సలహా ఇచ్చేవారు ఈ సంగతి మరిచిపోతున్నారు.

ఇప్పటివరకు ఎక్కువగా జరుగుతున్నది పేరు చూసి ఆపడం. క్యూబిట్టోరెంట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ అనే క్లయింట్‌లో షున్‌లెయ్ వంటి క్లయింట్లను వాటి పీర్ ఐడీ చూసి ఆపే సదుపాయం ఉంది, దానివల్ల కొంతకాలం మేలు జరిగింది కూడా. అయితే పీర్ ఐడీ అంటే 20 బైట్లు. అందులో ఏం రాయాలో పంపేవారి ఇష్టం. మోసం చేయదలచినవాడు రేపు ట్రాన్స్‌మిషన్ అనే మామూలు క్లయింట్ పేరు పెట్టుకుంటాడు. అప్పుడు ట్రాన్స్‌మిషన్ వాడే అమాయకులను కూడా అనుమానించవలసి వస్తుంది.

దీనికంటే గట్టి సాక్ష్యం సీడర్ దగ్గరే ఉంది, మీరు దాన్ని వాడుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు. ఏ పీర్‌కు ఏ పీసులోని ఏ 16 కేబీ బ్లాకు పంపామో సీడర్ క్లయింట్‌కు ఖచ్చితంగా తెలుసు. నిజాయితీ గల పీర్ ఒక పీసులోని బ్లాకులన్నీ అందిన తర్వాత హ్యాష్ (పీసు చెడకుండా వచ్చిందో లేదో తేల్చే సంకేతం) సరిచూసుకుని, దాన్ని డిస్కులో దాచుకుని, ఇక ఆ పీసును అడగదు. పారేసే పీర్ మాత్రం అదే పీసును మళ్లీ అడుగుతుంది, అడగక దానికి గత్యంతరం లేదు: ఫైలులో ఉన్న పీసులు పరిమితం, దానికి కావలసిన బైట్లు అపరిమితం. కాబట్టి, ఒకే పీసును పూర్తిగా నా నుంచే తీసుకుని, ఆ పీసునే మళ్లీ నన్నే అడగడం, అదీ ఒకటి రెండు పీసుల్లో కాక పదుల కొద్దీ పీసుల్లో జరగడం, దీన్ని ప్రధాన సాక్ష్యంగా తీసుకోవాలి. నాలుగు జీబీ ఫైలును ఒక్కో ఎంబీ చొప్పున పీసులు చేస్తే దాదాపు 4,000 అవుతాయి. పీసుకు ఒక బైటు చొప్పున లెక్క రాసుకున్నా ఒక్కో పీర్‌కు 4 కేబీ చాలు. ఈ రోజుల్లో ఇది భారమని ఎవరూ అనలేరు.

ప్రోగ్రెస్ శాతాన్ని మాత్రమే చూసి నిర్ణయించడం ఎందుకు చాలదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బ్లాక్‌లిస్టులు నడిపేవారిలో చాలామంది ఇక్కడే పొరబడుతున్నారని నా అభిప్రాయం. పీర్ తన దగ్గర ఉన్న పీసుల పట్టికను కనెక్ట్ అయినప్పుడు ఒకసారి పంపి, తర్వాత కొత్తగా చేరిన ప్రతి పీసుకూ ఒక హ్యావ్ సందేశం పంపుతుంది. ఎదుటివారి దగ్గర ఆ పీసు ముందే ఉంటే ఈ సందేశం పంపడం వృథా అని భావించి కొన్ని క్లయింట్లు దాన్ని మానేయవచ్చు. సీడర్ దగ్గర అన్ని పీసులూ ఉంటాయి కాబట్టి, అలా మానేసిన నిజాయితీ గల పీర్ సీడర్ కంటికి చివరిదాకా మొదట చూపించిన శాతం దగ్గరే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. క్లయింట్లు వాడుకునే లిబ్‌టోరెంట్ అనే కోడ్ లైబ్రరీలో ఇలాంటి సందేశాలను పంపాలా వద్దా అన్నది ఒక సెట్టింగ్‌గానే ఉంది. కాబట్టి ప్రోగ్రెస్ కదలకపోవడాన్ని అనుమానానికి కారణంగా తీసుకోవచ్చు కానీ, శిక్షకు కారణంగా తీసుకోకూడదు. అదే పీసును మళ్లీ అడగడానికి మాత్రం ఈ వివరణ వర్తించదు. ఒక పీసులో కొన్ని బ్లాకులు మరో పీర్ నుంచి చెడి వచ్చి హ్యాష్ తప్పితే మళ్లీ అడగడం సహజమే, అందుకే మొత్తం పీసు మన నుంచే వెళ్లిన సందర్భాలనే లెక్కించాలని అంటున్నాను. డిస్కు పాడై మొదటి నుంచి డౌన్‌లోడ్ చేసుకునేవాడికి కూడా ఒక పూర్తి విడత మన్నింపు ఉండాలి. మూడో విడతకు మన్నింపు అక్కర్లేదు.

ఈ లెక్క క్లయింట్ లోపలే ఉండాలి. పీర్‌బ్యాన్‌హెల్పర్ వంటి బయటి సాధనాలు ఎంత శ్రద్ధగా రాసినా, క్లయింట్ తన వెబ్ ఇంటర్‌ఫేస్ ద్వారా చూపించినంతే చూడగలవు. క్యూబిట్టోరెంట్ అక్కడ ప్రోగ్రెస్ చూపిస్తుంది, పంపిన మొత్తం చూపిస్తుంది, ఏ పీసును ఎవరు ఎన్నిసార్లు అడిగారో చూపించదు. అందువల్ల ఆ సాధనాలు తమకు అందిన బలహీన సాక్ష్యంతోనే తీర్పు చెప్పవలసి వస్తోంది. లిబ్‌టోరెంట్‌లోని యాంటీ లీచ్ పద్ధతి, పీర్ తన దగ్గర ఉన్నాయని చెప్పే పీసులతో పాటు మనం దానికి పంపిన మొత్తం డేటాను కూడా పరిగణనలోకి తీసుకుంటుంది. అంటే అవసరమైన ఆలోచన మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఆ ఆలోచనను అప్‌లోడ్ స్లాట్ల పంపకంతో (ఒకేసారి ఎవరెవరికి పంపాలన్న నిర్ణయంతో) ఆపేయకుండా, మోసాన్ని గుర్తించే దాకా తీసుకెళ్లమని, కనెక్షన్ తెగి మళ్లీ కలిసినా ఆ లెక్క కొంతకాలం నిలిచేలా చేయమని కోరుతున్నాను. క్యూబిట్టోరెంట్, డెల్యూజ్ రెండూ లిబ్‌టోరెంట్ మీదే నడుస్తున్నాయి కనుక, అక్కడ ఒక్క చోట మార్పు జరిగితే చాలామంది సీడర్లకు అది చేరుతుంది.

అలాగే ఫాస్టెస్ట్ అప్‌లోడ్ పద్ధతి గురించి ఒక మాట. ఎవరు వేగంగా తీసుకోగలిగితే వారికే స్లాట్ ఇవ్వడం, పాత రోజుల్లో ఫైలు త్వరగా వ్యాపించడానికి పనికొచ్చింది. డేటాను రాయడానికి డిస్కు కూడా అక్కర్లేని పీర్ల ముందు ఈ పద్ధతి పెట్టడమంటే వారికి ముందు వరుస అప్పగించడమే. సీడర్లకు రౌండ్ రాబిన్‌ను, అంటే వంతులవారీ పంపకాన్ని, డిఫాల్ట్‌గా ఉంచండి.

ఇక రెండో సంగతి, నాకు మొదటిదానికంటే ముఖ్యమైనది. ఇవ్వని పీర్లందరూ నకిలీలు కారు. మన దేశంలో మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లు దాదాపు అందరూ, ఫైబర్ మీద ఉన్నవాళ్లలో చాలామంది, పాత తరహా ఇంటర్నెట్ అడ్రస్‌లైన ఐపీవీ4 విషయంలో సీజీన్యాట్ అనే ఏర్పాటు వెనక ఉంటారు. అంటే వందల మందికి కలిపి బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్ ఒక్కటే. వాళ్లు బయటికి కనెక్ట్ కాగలరు కానీ, బయటి నుంచి ఎవరూ నేరుగా వాళ్లకు కనెక్ట్ కాలేరు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, నాలుగు జీబీ ఇమేజ్‌ను మూడు నాలుగు రోజులపాటు కొద్దికొద్దిగా దించుకునే ఇంజనీరింగ్ విద్యార్థిని తీసుకోండి. అతను పదేపదే తెగిపోతాడు, ప్రతిసారీ కొత్త అడ్రస్‌తో వస్తాడు, అప్‌లోడ్ దాదాపు సున్నా ఉంటుంది. రేషియో (తీసుకున్నదానికీ ఇచ్చినదానికీ ఉన్న నిష్పత్తి) చూసి తీర్పు చెప్పే ఏ పద్ధతికైనా అతను దొంగలాగే కనిపిస్తాడు. పీసుల లెక్క చూస్తే మాత్రం అతను ప్రతి పీసునూ ఒక్కసారే తీసుకున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. సీడర్లం మేం కూర్చున్నదే ఇలాంటి వాళ్లకు ఇవ్వడానికి. ఇవ్వలేనివాడికి ఇవ్వడం మాకు నష్టం కాదని, ఆ పేరు మీద మాకు రక్షణ కల్పించనక్కర్లేదని మీకు స్పష్టంగా చెప్పదలచుకున్నాను. ఇవ్వగలిగీ ఇవ్వనివాడి సంగతి కూడా స్వార్మ్‌లోని (అదే ఫైలును పంచుకుంటున్న గుంపులోని) మిగతా లీచర్లే, అంటే ఇంకా దించుకుంటున్నవారే, పది సెకన్ల లెక్కతో చూసుకుంటారు. సీడర్ అందులో కల్పించుకోనక్కర్లేదు. కల్పించుకోవలసింది మూడో రకం పీర్ దగ్గరే, అంటే తీసుకున్నది పారేసే నకిలీ పీర్ దగ్గరే.

సీజీన్యాట్ వల్ల మరో చిక్కు ఉంది. కొత్త విడుదల వచ్చిన రోజున ఒకే కాలేజీ నుంచో, ఒకే మొబైల్ నెట్‌వర్క్ నుంచో పదిమంది అదే ఇమేజ్‌ను దించుకుంటే, బయటి అడ్రస్ ఒక్కటే కావడంతో ఒకే పీర్ ఫైలును పదిసార్లు తీసుకున్నట్టు కనిపిస్తుంది. అందుకని ఒకే కనెక్షన్‌లో జరిగిన పునరావృతానికి ఒక కొలత, అడ్రస్ మొత్తం మీద జరిగిన దానికి అంతకంటే చాలా ఉదారమైన మరో కొలత పెట్టాలి. కొత్త తరహా అడ్రస్‌లైన ఐపీవీ6లో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది: అక్కడ ఒక ఇంటికి సాధారణంగా /64 పరిమాణంలోనో అంతకంటే పెద్దదో ప్రిఫిక్స్ (అడ్రస్‌ల గుంపు) దక్కుతుంది, కాబట్టి ఒక్క అడ్రస్‌ను ఆపితే క్షణంలో మరొకటి వస్తుంది. ఐపీవీ6లో /64 స్థాయిలో ఆపండి, అంతకు మించి వెడల్పు చేయకండి.

బ్లాక్‌లిస్టుల నిర్వాహకులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. 2008లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు, ట్రాకర్‌కు (ఎవరెవరు ఫైలు పంచుకుంటున్నారో చెప్పే సర్వర్‌కు) వేరొకరి ఐపీ అడ్రస్ ఇచ్చి, ఆ అడ్రస్ టోరెంట్ వాడుతోందని నమ్మించవచ్చని నిరూపించారు. వారు ఇచ్చిన అడ్రస్‌లలో ప్రింటర్లవి కూడా ఉన్నాయి; ఆ ప్రింటర్ల పేరిట కాపీరైట్ ఉల్లంఘన నోటీసులు నిజంగానే వచ్చాయి. డేటా చేతులు మారిందా లేదా అని చూడకుండా, పట్టికలో కనిపించిన అడ్రస్‌నే దోషిగా తీసుకుంటే జరిగేది ఇదే. మీ జాబితాల్లోని అడ్రస్‌లలో చాలావాటి పక్కన ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చేత చేర్చారో ఉండడం లేదు. ఇంటి కనెక్షన్ల అడ్రస్‌లు రోజుల వ్యవధిలో ఒకరి నుంచి మరొకరికి మారిపోతాయి. నిన్నటి మోసగాడి అడ్రస్ ఈ రోజు ఏ తెనాలిలోనో తెలుగు పుస్తకం దించుకోబోయే మనిషికి దక్కవచ్చు. ప్రతి అడ్రస్‌కూ సాక్ష్యం ఏ రకమైనదో రాయండి, కొద్ది రోజుల గడువు పెట్టండి, గడువు తీరాక కొత్త సాక్ష్యం లేకపోతే దానంతటదే తొలగిపోయేలా చేయండి. ఒక్క సీడర్ చెప్పిన మాట మీద ఎవరినీ జాబితాలో చేర్చకండి, ఎందుకంటే నకిలీ పీర్లను పుట్టించగలవాడు నకిలీ ఫిర్యాదులను కూడా పుట్టించగలడు.

సభ్యులకు మాత్రమే తెరిచే ప్రైవేట్ ట్రాకర్లు నడిపేవారు ఈ లేఖ చదివితే వారికి కూడా ఇదే చెబుతాను. అప్‌లోడ్ ఎంత చేశానో క్లయింట్ తానే ట్రాకర్‌కు చెప్పుకునే అంకె మీద కట్టిన రేషియో వ్యవస్థ, కజా మార్కుల కంటే ఎంతో భిన్నమైనది కాదు.

నేను కోరుతున్నది పెద్ద మార్పేమీ కాదు. పీసుల పునరావృతాన్ని లెక్కించే పరీక్ష క్లయింట్ లోపల ఉండాలి, అది సీడింగ్ సమయంలో డిఫాల్ట్‌గా పనిచేయాలి, దొరికిన పీర్‌ను మొదట చోక్ చేసి (దానికి పంపడం తాత్కాలికంగా నిలిపి), పదేపదే అదే జరిగితే గంటల లెక్కన ఆపాలి. ఎవరిని ఎందుకు ఆపిందో లాగ్‌లో మామూలు వాడుకరికి అర్థమయ్యే ఒక వాక్యంలో రాయాలి: ఈ పీర్ ఇన్ని పీసులను పూర్తిగా తీసుకుని మళ్లీ ఇన్నిసార్లు అడిగింది, అని. ఆ లాగ్ వివరాలే బయటి సాధనాలకు అందేలా వెబ్ ఇంటర్‌ఫేస్‌లో కూడా ఉంచితే, జాబితాలు నడిపేవారికి ఊహించవలసిన అవసరం తప్పుతుంది. ఏ కొలతలు సరైనవో ఒక్కో ప్రాజెక్టు విడివిడిగా తేల్చుకునే బదులు, బిట్‌టోరెంట్ ప్రోటోకాల్ ప్రతిపాదనల్లో ఒకటిగా దీన్ని రాసి అందరూ చర్చించడం మేలని నా ఉద్దేశం.

ఈ పరీక్షను మీలో ఎవరు మొదలుపెట్టినా, దాని ప్రయోగ వెర్షన్‌ను నా సీడింగ్ యంత్రం మీద నడిపి, తప్పుగా ఎవరినైనా పట్టుకుంటోందా అన్నది ఐపీ అడ్రస్‌లు తొలగించిన లాగ్‌లతో సహా మీకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను. ముఖ్యంగా సీజీన్యాట్ వెనక ఉన్న మొబైల్ వాడుకరులు ఈ పరీక్షలో ఎలా కనిపిస్తారో ఇక్కడి నుంచే బాగా తెలుస్తుంది, కాబట్టి కొలతలు ఖాయం చేసే ముందు మా లాగ్‌లు అడగండి.

ఇట్లు,
ఒక సీడర్,
వరంగల్